ఒక లైటు దగ్గర వైరు ఊడితే తర్వాతివీ ఆగిపోయాయి. అది సిరీసేనా?

మీరు అడిగినవి రెండు. పదో తరగతి లెక్కల్లో బొమ్మ చూడగానే శ్రేణి సంధానమా (సిరీస్), సమాంతర సంధానమా (ప్యారలల్) అని తేల్చడం ఎలా? హాల్లో వరసగా ఉన్న నాలుగు లైట్లలో రెండోదాని దగ్గర వైరు ఊడితే అదీ, దాని తర్వాతి రెండూ ఆగిపోయాయి. ఇంటి వైరింగ్ ప్యారలల్ అంటారు కదా, మరి ఇలా ఎందుకయింది? రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది. సిరీస్, ప్యారలల్ అనేవి వస్తువులు ఏ వరసలో కనిపిస్తున్నాయన్నదాన్ని బట్టి ఉండవు. వైర్లు కలిసే చోట ఏం జరుగుతోందన్నదే చూడాలి.

ముందు హాలు సంగతి. అది ప్యారలలే. పందెం వేసి చెప్పొచ్చు. వైరు సరిచేశాక, స్విచ్చు ఆపి, రెండో హోల్డరులోంచి బల్బు మాత్రం తీసి మళ్లీ స్విచ్చు వేయండి. వైరు ముట్టుకోవద్దు, బల్బు ఒక్కటే తీయండి. మిగతా మూడూ వెలుగుతాయి. సిరీస్ అయితే వెలగవు.

మరి వైరు ఊడితే ఎందుకు ఆగాయి? ఎలక్ట్రీషియన్ ప్రతి లైటుకీ మెయిన్ బోర్డు నుంచి విడిగా రెండు వైర్లు లాగడు. మొదటి హోల్డరుకి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) తెచ్చి, అక్కడినుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి లూప్ ఇస్తాడు. రెండో హోల్డరు విప్పి చూస్తే ఫేజ్ స్క్రూ కింద రెండు వైర్లు కనిపిస్తాయి. ఒకటి వచ్చేది, ఒకటి ముందుకి పోయేది. న్యూట్రల్ స్క్రూ కింద కూడా అంతే. ఆ స్క్రూ దగ్గర కరెంటుకి రెండు దారులున్నాయి: బల్బులోకి దిగడం, ముందుకి పోవడం. మూడో బల్బుకి పోయే కరెంటు రెండో బల్బు ఫిలమెంట్‌లోంచి పోవడం లేదు, స్క్రూ మీదుగా దాటిపోతోంది. అందుకే ప్యారలల్. కానీ ఆ స్క్రూ వదులై వచ్చే వైరు ఊడితే దాని మీద ఆధారపడ్డవన్నీ ఆగుతాయి. సిరీస్‌లో ఉన్నది వైరు, బల్బులు కావు.

ఇలాంటి చోట ఏ వైరు పోయిందో నియాన్ టెస్టర్‌తో తెలుసుకోవచ్చు. స్విచ్చు వేసి ఉంచి, ఆగిపోయిన లైటు దగ్గర రెండు టెర్మినళ్లూ చూడండి. రెండిట్లోనూ టెస్టర్ వెలగకపోతే ఫేజ్ తెగింది. రెండిట్లోనూ వెలిగితే న్యూట్రల్ తెగింది. ఫేజ్ బల్బులోంచి దాటి న్యూట్రల్ వైరు మీదకి వచ్చి నిలబడిపోయిందన్నమాట. ఇది తెలియక "రెండిట్లోనూ కరెంటు వస్తోంది, బల్బే పోయింది" అని బల్బు మార్చేవాళ్లు చాలామంది. బల్బు వెలగకపోయినా ఆ న్యూట్రల్ వైరు షాక్ కొడుతుంది. సరిచేసేటప్పుడు బోర్డులో ఆ లైనుని ఆపే ఎంసీబీ దించాల్సిందే, స్విచ్చు ఒక్కటి ఆపితే చాలదు.

ఇక బొమ్మల సంగతి. పక్కపక్కన ఒకే గీత మీద గీస్తే సిరీస్, ఒకదాని కింద ఒకటి గీస్తే ప్యారలల్ అని పిల్లలు బట్టీ పడతారు. పాఠంలో బొమ్మలన్నీ అలాగే ఉంటాయి కాబట్టి అక్కడ సరిపోతుంది, పరీక్షలో దెబ్బ తింటారు. అసలు నియమాలు ఇవి. రెండు నిరోధాలు కలిసే బిందువు దగ్గర మూడో దారి ఏదీ లేకపోతే అవి సిరీస్. ఒకదాంట్లో పోయిన కరెంటు మొత్తం రెండోదాంట్లోకి పోక తప్పదు. రెండు నిరోధాల రెండు చివరలూ అవే రెండు బిందువులకి తగిలి ఉంటే ప్యారలల్. రెండిటి మీదా ఒకే వోల్టేజ్ ఉంటుంది. ఇక్కడ బిందువు అంటే ఒక చుక్క కాదు. మధ్యలో నిరోధం గానీ బ్యాటరీ గానీ అడ్డం రానంతవరకు ఆ వైరు మొత్తం, ఎన్ని మలుపులు తిరిగినా, ఒకటే బిందువు.

దీన్ని కాగితం మీద చేయడానికి రంగు పెన్సిళ్లు తీసుకోండి. బ్యాటరీ ప్లస్ దగ్గర మొదలుపెట్టి, నిరోధం అడ్డొచ్చేదాకా వైరు మొత్తం ఎర్ర రంగు వేయండి, కొమ్మలు చీలితే కొమ్మలకి కూడా. మైనస్ నుంచి నీలం. మిగిలిన ప్రతి వైరు ముక్కకీ కొత్త రంగు. తర్వాత ఒక్కో నిరోధం దగ్గరా దాని రెండు చివరల రంగులు రాసుకోండి. రెండిటికి ఒకే రంగుల జంట వస్తే ప్యారలల్. ఏదైనా రంగుకి రెండే రెండు నిరోధాలు తగిలి, ఇంకేమీ తగలకపోతే ఆ రెండూ సిరీస్. ఒక నిరోధం రెండు చివరలూ ఒకే రంగైతే అది షార్ట్ అయింది, లెక్కలోంచి కొట్టేయండి.

ఎప్పుడూ తప్పుతోవ పట్టించే బొమ్మ ఒకటి చూద్దాం. ఒకే గీత మీద ఎ, బి, సి, డి బిందువులు. ఎ-బి మధ్య 6 ఓములు, బి-సి మధ్య 6, సి-డి మధ్య 6. పైనుంచి ఒక ఖాళీ వైరు ఎ నుంచి సి కి, కిందనుంచి ఇంకో ఖాళీ వైరు బి నుంచి డి కి. బ్యాటరీ ప్లస్ ఎ దగ్గర, మైనస్ డి దగ్గర, 6 వోల్టులు. చూడ్డానికి మూడూ వరసలో ఉన్నాయి కదా అని 18 ఓములు రాస్తారు. రంగు వేయండి. ఎ ఎరుపు, దానికి వైరుతో కలిసిన సి కూడా ఎరుపే. డి నీలం, దాంతోపాటు బి కూడా నీలం. మొదటి నిరోధం ఎరుపు-నీలం. రెండోది నీలం-ఎరుపు. మూడోది ఎరుపు-నీలం. మూడూ ప్యారలల్, మొత్తం 2 ఓములు, కరెంటు 3 ఆంపియర్లు, ఒక్కోదాంట్లో 1 ఆంపియర్. మధ్యలోదాంట్లో కరెంటు సి నుంచి బి కి, అంటే బొమ్మలో వెనక్కి పారుతుంది. అదే ఈ లెక్కలో అందం.

ఇప్పుడు కింది వైరు తీసేసి మళ్లీ చేయించండి. ఎ, సి ఎరుపు. డి నీలం. బి కి వేరే రంగు, పచ్చ అనుకుందాం. మొదటి నిరోధం ఎరుపు-పచ్చ, రెండోది పచ్చ-ఎరుపు. పచ్చ బిందువుకి ఈ రెండు తప్ప ఇంకేమీ లేవు, కాబట్టి అవి రెండూ కలిసి ఎరుపు నుంచి బయల్దేరి ఎరుపుకే వస్తున్నాయి. వాటిలో కరెంటే పారదు. మిగిలింది మూడోది ఒక్కటే, 6 ఓములు. ఈ రెండు లెక్కలూ అర్థమైన పిల్లవాడికి ఇంటర్ దాకా ఢోకా లేదు.

సిరీసూ కాని, ప్యారలలూ కాని కూర్పులు కూడా ఉంటాయి. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్రతిదాన్నీ ఏదో ఒక గూట్లో పెట్టాలని చూసి పిల్లలు గంటలు పోగొట్టుకుంటారు. వీట్‌స్టన్ బ్రిడ్జిలో ఐదు నిరోధాలుంటాయి. రంగులు వేస్తే ఏ రెండిటికీ ఒకే జంట రాదు, ఏ బిందువు దగ్గరా రెండు నిరోధాలు మాత్రమే కలవవు, మూడో నిరోధమో బ్యాటరీయో కూడా తగులుతుంది. నాలుగు చేతుల నిష్పత్తులు సమానమైతే మధ్యదాంట్లో కరెంటు సున్నా కాబట్టి దాన్ని తీసేసి చేయొచ్చు. లేకపోతే బిందువు దగ్గర కరెంట్లనీ, లూపులో వోల్టేజీలనీ కూడి చూసే కిర్చాఫ్ నియమాలే గతి. బొమ్మలో వోల్ట్‌మీటర్ కనిపిస్తే దాన్ని చెరిపేసి, అమ్మీటర్ కనిపిస్తే అక్కడ ఖాళీ వైరు గీసి, ఆ తర్వాతే రంగులు మొదలుపెట్టండి.

చేత్తో పరీక్షించాలంటే ఫిలమెంట్ బల్బులే వాడండి. ఎల్ఈడీ బల్బు లోపల డ్రైవర్ ఉంటుంది. అది వోల్టేజ్ తగ్గినా వెలుతురు నిలబెట్టడానికి చూస్తుంది, లేదా మిణుకుమంటుంది. రెండు ఎల్ఈడీ బల్బుల్ని సిరీస్‌లో పెడితే వచ్చే ఫలితం చూసి ఏమీ నేర్చుకోలేం. రెండు 60 వాట్ల ఫిలమెంట్ బల్బుల్ని సిరీస్‌లో పెడితే ఒక్కోదానికి 115 వోల్టులు వస్తాయి, రెండూ ఎర్రగా మసకగా ఉంటాయి. ప్యారలల్‌లో రెండూ నిండుగా వెలుగుతాయి.

100 వాట్లది, 40 వాట్లది సిరీస్‌లో పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 40 వాట్లది. 230 వోల్టుల దగ్గర 100 వాట్ల బల్బు నిరోధం 529 ఓములు, 40 వాట్లది 1322. కరెంటు రెండిట్లోనూ ఒకటే కాబట్టి వోల్టేజ్ ఎక్కువ నిరోధం దగ్గరే ఎక్కువ పడుతుంది. పాఠం లెక్క ప్రకారం 164, 66 వోల్టులు. నిజంగా కొలిస్తే తేడా ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. 100 వాట్ల ఫిలమెంట్ సరిగా వేడెక్కదు, చల్లని ఫిలమెంట్ నిరోధం ఇంకా తక్కువ. అదే కారణంతో మల్టీమీటర్‌తో బల్బు ఓములు కొలిచి వాట్లు లెక్కగడితే తప్పు వస్తుంది. 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 882 ఓములు, చేతిలో చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా చూపించదు.

మీటరుతో చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. సిరీస్ మొత్తం అందులోని పెద్దదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ప్యారలల్ మొత్తం చిన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. సప్లై తీసేశాకే ఓములు కొలవాలి. వోల్టులు కొలవడానికి మీటరుని ప్యారలల్‌లో పెడతాం, ఆంపియర్లు కొలవడానికి వైరు విడదీసి సిరీస్‌లో పెడతాం. ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల సాకెట్‌లో మర్చిపోయి ప్లగ్ పాయింట్‌లో పెడితే అది నేరుగా షార్ట్. చాలా చవక మీటర్లలో ఆ సాకెట్‌కి ఫ్యూజ్ కూడా ఉండదు. క్లాంప్ మీటర్ ఉంటే ఈ గొడవ లేదు, కాకపోతే ఫేజ్ వైరు ఒక్కదాన్నే దవడలో పట్టాలి. రెండు వైర్లూ కలిపి పడితే సున్నా చూపిస్తుంది.

ఇంట్లో రెండూ కలిసి ఉన్నవి తీసి చూపిస్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది. పాత ట్యూబ్ లైటులో చోక్, ట్యూబ్ సిరీస్. స్టార్టర్ ట్యూబ్‌కి ప్యారలల్. లైటు వెలిగాక స్టార్టర్ ఊడదీసినా ట్యూబ్ ఆరదు, చోక్ వైరు తీస్తే ఆరుతుంది.

సీలింగ్ ఫ్యాన్ ఇంకా మంచి ఉదాహరణ. రెగ్యులేటర్ ఫ్యాన్‌కి సిరీస్. లోపల స్టార్టింగ్ వైండింగ్, కెపాసిటర్ ఒకదానికొకటి సిరీస్. ఆ జంట మొత్తం రన్నింగ్ వైండింగ్‌కి ప్యారలల్. ఫ్యాన్ నుంచి బయటికి వచ్చే మూడు వైర్ల మధ్య ఓములు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. ఉదాహరణకి 200, 260, 460. పెద్దది మిగతా రెండిటి మొత్తం, అంటే ఆ కొలతలో రెండు వైండింగ్‌లూ సిరీస్‌లో ఉన్నాయి. కాబట్టి ఆ కొలతలో తగలని మూడో వైరే కామన్, అంటే రెండు వైండింగ్‌లూ కలిసే చోటు. కెపాసిటర్, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లది, పెద్ద అంకె వచ్చిన రెండు వైర్ల మధ్య వస్తుంది. సప్లై కామన్‌కీ రన్నింగ్ చివరకీ ఇవ్వాలి. సీలింగ్ ఫ్యాన్లలో మామూలుగా రన్నింగ్ వైండింగ్‌కే తక్కువ ఓములు ఉంటాయి. ఫ్యాన్ వెనక్కి తిరిగితే కెపాసిటర్ అక్కడే ఉంచి, సప్లై వైరు దాని రెండో చివరకి మార్చి చూడండి.

మెకానిక్ షాపుల్లో కనిపించే సిరీస్ బోర్డు కూడా ఇదే సూత్రం. ఫేజ్ వైరుని 100 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండా పంపి సాకెట్‌కి ఇస్తారు. అనుమానం ఉన్న వస్తువుని ఆ సాకెట్‌లో పెడితే, లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజ్ పోదు. తెగి ఉంటే వెలగదు. ఒక జాగ్రత్త. 1000 వాట్ల ఐరన్ బాక్స్ నిరోధం 53 ఓములే కాబట్టి బాగున్న ఐరన్ బాక్స్ పెట్టినా బల్బుకి 209 వోల్టుల దాకా వస్తాయి. దాన్ని షార్ట్ అనుకుని విప్పేయకండి. హీటర్లకి మీటరే మేలు.

పండగ సీరియల్ సెట్ల గురించి అందరికీ తెలిసిందే. పాత రకంలో 6 వోల్టుల బల్బులు 38 దాకా సిరీస్‌లో ఉంటాయి. పొడవాటి సెట్లలో ఇలాంటి గుంపులు కొన్ని ప్యారలల్‌లో ఉంటాయి, అందుకే సగం దండ మాత్రం ఆరుతుంది. పోయిన బల్బు దగ్గర వైర్లు మెలిపెట్టేసే అలవాటు ఉంది. ఒకటైతే పర్వాలేదు. ఐదు తీసేస్తే మిగిలిన 33కి ఒక్కోదానికి 7 వోల్టులు పడి అవీ త్వరగా పోతాయి. ఇంకోటి, బల్బు 6 వోల్టులదే కదా అని ఖాళీ హోల్డరులో వేలు పెట్టకూడదు. సిరీస్ ఎక్కడ తెగితే అక్కడ మొత్తం 230 వోల్టులూ ఆ ఖాళీ మీదే ఉంటాయి.

ఇన్వర్టర్ బ్యాటరీల్లో గుర్తుపట్టడం తేలిక. రెండిటి మధ్య లింకు ఒక్కటే ఉండి, అది ఒకదాని ప్లస్ నుంచి రెండోదాని మైనస్‌కి పోతే సిరీస్. రెండు లింకులుండి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ పోతే ప్యారలల్. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండు సిరీస్ అయితే 24 వోల్టులు, 150 ఏహెచ్. ప్యారలల్ అయితే 12 వోల్టులు, 300 ఏహెచ్. ఇన్వర్టర్ మీద ఏ వోల్టేజ్ రాసి ఉందో చూడకుండా కూర్పు మార్చకండి. సిరీస్‌లో కొత్తదీ పాతదీ కలపడం డబ్బు దండగ. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఒక్కోదాని మీద విడిగా వోల్టులు కొలవండి. మొత్తం 28 ఉంటే 14, 14 దగ్గరలో రావాలి. 13, 15 వస్తే జత చెడింది, 15 వచ్చినది ఓవర్‌ఛార్జ్ అవుతూ నీళ్లు త్వరగా తాగేస్తుంటుంది. ప్యారలల్‌లో అయితే ఇన్వర్టర్ ప్లస్ వైరు మొదటి బ్యాటరీకి, మైనస్ వైరు రెండోదానికి ఇవ్వాలి. రెండూ ఒకే బ్యాటరీకి ఇస్తే దాని మీదే ఎక్కువ భారం పడుతుంది.

చివరగా, మీ హాలు కంటే చాలా ప్రమాదమైన సంగతి. త్రీఫేజ్ సప్లై ఉన్న ఇంట్లోనో, అపార్ట్‌మెంట్‌లోనో మెయిన్ న్యూట్రల్ తెగితే ప్యారలల్‌లో ఉన్నవి ఉన్నట్టుండి సిరీస్ అయిపోతాయి. ఒక ఫేజ్ మీద 2000 వాట్ల గీజర్, ఇంకో ఫేజ్ మీద టీవీ, లైట్లు కలిపి 200 వాట్లు నడుస్తున్నాయనుకోండి. న్యూట్రల్ ఉన్నంతసేపు రెండిటికీ 230. అది తెగగానే గీజర్ దాటిన కరెంటుకి తిరిగి పోయే దారి టీవీలోంచే. రెండు ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టులు వాటి మీద పంచుకుపోతాయి. గీజర్ నిరోధం 26 ఓములు, రెండో వైపు దానికి పది రెట్లు. అందుకని గీజర్‌కి 36 వోల్టులు, టీవీ వైపు సుమారు 364. మూడో ఫేజ్ మీద కూడా లోడు ఉంటే అంకెలు మారతాయి గానీ సూత్రం ఇదే. తక్కువ లోడు ఉన్న వైపే కాలిపోతుంది. ఒక గదిలో లైట్లు మసకబారి, ఇంకో గదిలో కళ్లు చెదిరేలా వెలుగుతుంటే లో వోల్టేజ్ అనుకుని స్టెబిలైజర్ వెతక్కండి. మెయిన్ వెంటనే దించేయండి. న్యూట్రల్ జాయింట్ సరిచేయించాక, వస్తువుల ప్లగ్గులన్నీ తీసి ఉంచి, మూడు ఫేజులకీ న్యూట్రల్‌కీ మధ్య విడివిడిగా 230కి దగ్గరలో వస్తోందని చూడండి. తర్వాత గీజర్ ఒక్కటే వేసి మళ్లీ కొలవండి. లోడు లేనప్పుడు బాగా చూపించి, లోడు పడగానే ఫేజుల మధ్య తేడా వస్తే జాయింట్ ఇంకా వదులుగానే ఉంది.